బైకు ఇంజను కారుకు ఆయిలు ప్రెషరు, ఉష్ణోగ్రత సెన్సర్లు: ప్రాజెక్టు డైరీ

జనవరి 19, 2025, ఆదివారం

సంక్రాంతికి వచ్చిన చుట్టాలందరూ వెళ్ళిపోయారు. షెడ్డు మళ్ళీ నాకు దక్కింది. కారు తన చక్రాల మీద నిలబడి, ఇంజను తిరిగి, గేర్లు సాఫీగా పడి నెల రోజులు కావస్తున్నా ఇంతవరకు మా కొబ్బరితోట గట్టు దాటలేదు. ఇంజను లోపల ఏం జరుగుతున్నదో చెప్పే సాధనం దానికి ఒక్కటీ లేకపోవడమే అందుకు కారణం. ఈ డైరీ ఆ లోటు తీర్చే పని గురించి మాత్రమే.

బండి సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇద్దరు కూర్చునే ఈ చిన్న కారుకు 25 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలతో ఫ్రేము కట్టాను. ముందు చక్రాల సామాను పాత మారుతి 800 నుండి వచ్చింది. సీట్ల వెనక ఉన్నది ప్రమాదంలో దెబ్బతిన్న ఒక బైకు నుండి తీసిన జపాను తయారీ 649 సీసీ, రెండు సిలిండర్ల, నీటితో చల్లబడే ఇంజను. అక్కడి నుండి వెనక ఇరుసుకు చైను వెళ్తుంది. రేడియేటరు మాత్రం ముందు, ముక్కు దగ్గర ఉంది. రిజిస్ట్రేషను లేని బండి కాబట్టి దీన్ని రోడ్డు ఎక్కించే ఉద్దేశం లేదు. ఎక్కడికి తీసుకువెళ్ళాలన్నా ట్రాక్టరు తొట్టిలో ఎక్కించవలసిందే.

బైకు ఇంజనును కారులో పెట్టినప్పుడు వచ్చే మొదటి ప్రమాదం ఆయిలుకు సంబంధించినది. బైకు మలుపులో ఒరుగుతుంది. ఒరిగినప్పుడు భూమి లాగే బలమూ, మలుపు బయటికి తోసే బలమూ కలిసి ఇంజను నిట్టనిలువు గీత వెంటే పనిచేస్తాయి కనుక సంపులోని, అంటే ఇంజను అడుగున ఉండే తొట్టిలోని ఆయిలు అడుగునే కుదురుగా ఉంటుంది. కావడికి వేలాడే బిందెలో నీళ్ళు ఒలకకపోవడం ఇటువంటిదే. కారు ఒరగదు. అందులో ఇంజను ఎడ్లబండికి కట్టేసిన కుండలాంటిది. మలుపు తిరిగినంతసేపూ ఆయిలు ఒక పక్కకు ఎగబాకి నిలుస్తుంది. ఆయిలు పీల్చే గొట్టం మూతి బయటపడిందంటే పంపు గాలిని పీలుస్తుంది, ఇంజను ప్రధాన ఇరుసును మోసే క్రాంకు బేరింగులకు ఆయిలు పొర అందదు. నిమిషానికి ఆరేడు వేల చుట్లు తిరిగే ఇంజనులో ఆ స్థితి క్షణాల మాటగా ఉన్నా బేరింగులు గీసుకుపోతాయి.

కంపెనీ ఇచ్చిన ఎర్ర దీపం ఉంది కదా అని అడిగేవారు ఉంటారు. ఆ దీపాన్ని వెలిగించే స్విచ్చులు సాధారణంగా బార్‌లో మూడో వంతు దగ్గర (బార్ అంటే ఒత్తిడిని కొలిచే ప్రమాణం), అంటే ప్రెషరు దాదాపు పూర్తిగా పోయాక మాత్రమే పనిచేస్తాయి. 4 బార్లు ఉండవలసిన చోట 1 బార్ ఉన్నా ఆ దీపం మౌనంగానే ఉంటుంది. అందుకే నాకు అంకెలు కావాలి. ఆయిలు ప్రెషరుకు ఒకటి, ఆయిలు వేడికి ఒకటి, కూలెంటు, అంటే ఇంజనును చల్లబరిచే నీటి వేడికి ఒకటి, మొత్తం మూడు సెన్సర్లు పెట్టి, వాటి రీడింగులు సెకనుకు 50 సార్లు మెమరీ కార్డులో రాసుకునే ఏర్పాటు చేయాలని నిర్ణయించుకున్నాను. సూది గేజీతో ఈ పని జరగదు. సూది మందగమనంది, అర సెకనులో వచ్చిపోయే పతనం దానికి కనబడనే కనబడదు.

జనవరి 26, ఆదివారం

ప్రెషరు సెన్సరు పార్శిలు వచ్చింది. మూడు వైర్లది: ఎరుపుకు 5 వోల్టులు, నలుపుకు ఎర్తు, ఆకుపచ్చ వైరులో రీడింగు. ప్రెషరు లేనప్పుడు 0.5 వోల్టు, 150 పీఎస్‌ఐ, అంటే సుమారు 10.3 బార్ల దగ్గర 4.5 వోల్టులు ఇస్తుంది. సున్నా దగ్గర కూడా అర వోల్టు ఉండడం దీనిలోని తెలివి. రీడింగు నిజంగా సున్నా వోల్టులకు పడిపోయిందంటే అది ప్రెషరు లేకపోవడం కాదు, వైరు తెగిపోవడం.

ఉత్సాహంగా ఇంజనుకున్న పాత ప్రెషరు స్విచ్చు విప్పి, దాని స్థానంలో కొత్త సెన్సరు చేత్తో తిప్పి చూశాను. రెండు చుట్లు చక్కగా వెళ్ళి, మూడో చుట్టు దగ్గర బిగుసుకుంది. పానా అందుకోబోయి, ఎందుకో మనసు ఒప్పక ఆగాను. రెండూ రావులపాలెం పట్టుకెళ్ళి మా లేత్ మేస్త్రి గారికి చూపిస్తే, ఆయన త్రెడ్ గేజీ పెట్టి చూసి, "ఇది మన త్రెడ్డు కాదండి మాస్టారూ, మీరు పానా పెట్టి ఉంటే ఇంజను కేసింగు గుల్లయ్యేది" అన్నారు.

జపాను ఇంజన్లలో ఈ రంధ్రానికి మామూలుగా ఉండేది బ్రిటిషు పద్ధతి 1/8 బీఎస్‌పీ టేపరు (కొసకు సన్నబడే) త్రెడ్డు. అంగుళానికి 28 చుట్లు, పంటి కోణం 55 డిగ్రీలు. నాకు వచ్చిన సెన్సరుది అమెరికా పద్ధతి 1/8 ఎన్‌పీటీ. అంగుళానికి 27 చుట్లు, కోణం 60 డిగ్రీలు. పేరు ఒకటే, లావు దాదాపు ఒకటే. రెండు మూడు చుట్లు తిరిగేవరకు కంటికీ చేతికీ తేడా తెలియదు. అల్యూమినియం కేసింగులో బలవంతం చేస్తే పోయేది అల్యూమినియమే. మన నీళ్ళ పైపుల సామానంతా బీఎస్‌పీయే కనుక ఆ వైపు ముక్కలు హార్డువేరు కొట్లలో దొరుకుతాయి. ఎన్‌పీటీ వైపు మాత్రం లేత్ మీద చేయించుకోవాలి.

మేస్త్రి గారితో కూర్చుని ఇత్తడి దిమ్మ ఒకటి గీశాం. దానికి ఒక దారి ఆయిలు లోపలికి రావడానికి, ఒకటి పాత దీపం స్విచ్చుకు, ఒకటి కొత్త సెన్సరుకు. దిమ్మను ఇంజనుకు కాక ఫ్రేముకు బిగించి, రెంటికీ మధ్య 30 సెంటీమీటర్ల ఉక్కు అల్లిక హోసు వేయాలన్నది ఏర్పాటు. ఇంజనుకే ఇత్తడి టీ ముక్క పెట్టి, దాని కొసన బరువైన సెన్సరు వేలాడదీస్తే, ఆ అదురుకు టీ మెడ దగ్గర విరుగుతుంది. విరిగిందంటే ఇంజనులోని ఆయిలంతా వేడి సైలెన్సరు మీద పడుతుంది.

ఫిబ్రవరి 2, ఆదివారం

ఉష్ణోగ్రత సెన్సర్లను సరిచూసే పని. వేడెక్కే కొద్దీ నిరోధం తగ్గే రకం ఇవి. పట్టిక ప్రకారం 0 డిగ్రీల దగ్గర 5,896 ఓములు, 20 దగ్గర 2,500, 80 దగ్గర 323, 100 దగ్గర సుమారు 187 ఓములు ఉండాలి. సున్నా డిగ్రీల కోసం రొయ్యల పెట్టెల్లో వేసే ఐసు ఒక బకెట్టు తెప్పించాను. దాన్ని మెత్తగా దంచి, బోరు నీళ్ళు కాక తాగే నీళ్ళు పోసి కలిపి పది నిమిషాలు ఉంచాను. ఉప్పు తగిలిన ఐసు సున్నా కంటే దిగువకు పోతుంది కనుక ముందుగా ముక్కలను మంచినీళ్ళతో రెండుసార్లు కడిగాను. ఒక సెన్సరు 5,840, రెండోది 5,910 చూపాయి.

నూరు డిగ్రీలకు మన ప్రాంతం సరిగ్గా సరిపోతుంది. సముద్ర మట్టానికి నాలుగైదు మీటర్ల ఎత్తున ఉన్న నేల. ఇక్కడ మరిగే నీరు నూరు డిగ్రీలే, కొండ ప్రాంతాల వారు చేసుకోవలసిన సవరణ మనకు అక్కరలేదు. సెన్సర్లను గిన్నె అడుగుకు తగలకుండా దారంతో మధ్యలో వేలాడదీశాను. 188, 191 వచ్చాయి. 191 ఓములంటే పట్టిక లెక్కన 99 డిగ్రీల పైచిలుకు. ఒక్క డిగ్రీ లోపు తేడా నా అవసరానికి లెక్కలోకి రాదు.

ఇక్కడ చేసిన పొరపాటు ఒకటి రాసి ఉంచాలి. సెన్సరుతో వరసలో పెట్టే స్థిర నిరోధం మొదట చేతికి దొరికిన 10,000 ఓములది వేశాను. దానితో 80 నుండి 120 డిగ్రీల మధ్య వోల్టేజి 0.16 నుండి 0.06 వరకే మారుతుంది. రీడింగులు చదివే చిన్న సర్క్యూటు బోర్డు ఆర్డునో నానో 5 వోల్టులను 1,024 మెట్లుగా కొలుస్తుంది కనుక ఈ నలభై డిగ్రీలకూ కలిపి ఇరవై మెట్లే దక్కుతాయి, ఒక్కో మెట్టుకు రెండు డిగ్రీలు. 1,000 ఓములది వేస్తే అదే వ్యవధిలో వోల్టేజి 1.22 నుండి 0.51కి దిగుతుంది, దాదాపు 145 మెట్లు. గదిలో చల్లగా ఉన్నప్పుడు రెండూ బాగానే కనబడతాయి కాబట్టి ఈ తప్పు బల్ల మీద దొరకదు, వేడి ఇంజను మీద మాత్రమే దొరుకుతుంది. నాకు ఎలాగో మరిగే నీళ్ళ దగ్గరే దొరికింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

ప్రెషరు సెన్సరు వంతు. పైభాగం సరిచూడడానికి పంచరు కొట్టు కంప్రెసరు చాలింది. దాని గేజీ 100 పీఎస్‌ఐ చూపినప్పుడు నాకు 3.2 వోల్టులు వచ్చాయి, లెక్క ప్రకారం 3.17 రావాలి. అయితే ఆ గేజీ కింది భాగంలో సూది కదలనే కదలదు. నాకు అసలు భయం ఉన్నదేమో ఆ కింది భాగంలోనే, 1 బార్ చుట్టుపక్కల.

నీటి స్తంభాన్ని మించిన గేజీ లేదని గుర్తొచ్చింది. పది మీటర్ల ఇరవై సెంటీమీటర్ల ఎత్తున నిలిచిన నీరు తన అడుగున సరిగ్గా 1 బార్ ఒత్తిడి కలిగిస్తుంది. దానికి ఎవరి సర్టిఫికెట్టూ అక్కరలేదు. ఈ చదును నేలలో పది మీటర్ల ఎత్తు ఎక్కడ తెస్తామంటే, మన తోటలోనే ఉంది. కొబ్బరికాయల దింపుకు వచ్చిన కార్మికుడిని బతిమాలి, తాపీ మేస్త్రి వద్ద అరువు తెచ్చిన లెవెలు పైపు కొసను ఆయనతో పాటు చెట్టు పైకి పంపించాను. కాయలు కోయమంటే కోస్తాను గానీ నీళ్ళు మోయడమేమిటండీ అని ఆయన నవ్వారు. చెట్టు మాను కాస్త వంపుగా ఉంది. పైపు మాను వెంట పోతే ఎత్తు తప్పు వస్తుంది కాబట్టి దాన్ని పక్కకు ఒక కమ్మ మీదుగా వదిలి, గుండు కట్టి నిలువుగా వేలాడదీయించాను. పైపులో గాలి బుడగలు చేరితే నీటి స్తంభం మధ్యలో తెగినట్టే కనుక, కింది నుండి మెల్లగా నీళ్ళు ఎక్కించి బుడగలన్నీ పైకి పోయేదాకా ఆగాం.

సెన్సరు నుండి పైన నీటి మట్టం వరకు టేపుతో కొలిస్తే 9.00 మీటర్లు. అంటే 0.88 బార్, సెన్సరు ఇవ్వవలసింది 0.84 వోల్టు, ఇచ్చింది 0.86. ఖాళీగా ఉన్నప్పుడు కూడా 0.50కి బదులు 0.52 ఇస్తోంది. తేడా అంతటా ఒకటే, 0.02 వోల్టు, ప్రెషరులో చూస్తే బార్‌లో ఇరవయ్యో వంతు. దాన్ని ప్రోగ్రాములో తీసివేశాను. పైపు కిందికి దించేటప్పుడు ఆ నీళ్ళన్నీ నా నెత్తిన పడ్డాయన్నది మా ఇంట్లో అందరికీ తెలిసిన విషయమే కనుక దాచి లాభం లేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

బిగింపులు. ఆయిలు వేడి సెన్సరుకు ఆయిలు బయటికి తీసే డ్రెయిన్ ప్లగ్గు స్థానం వద్దనుకున్నాను, అది ఇంజనుకు అన్నిటికంటే కిందిది. తోట దారిలో ఒక కొబ్బరి డొక్క తగిలినా పోతుంది. దాని బదులు ఇంజనుకూ ఆయిలు ఫిల్టరుకూ మధ్య శాండ్‌విచ్ ప్లేటు అనే అల్యూమినియం బిళ్ళ వేసి అందులో పెట్టాను. ప్రెషరు కూడా అక్కడి నుండే తీసుకోవచ్చు కదా అన్న ఆలోచన వచ్చింది గానీ మానుకున్నాను. ఆ బిళ్ళలోని రంధ్రాలు ఫిల్టరుకు ముందున్న ఆయిలును తాకుతాయి. ఫిల్టరు పూడుకుపోతే అక్కడ ప్రెషరు ఘనంగా కనబడుతుంది, బేరింగుల దగ్గర మాత్రం ఉండదు. పాత స్విచ్చు రంధ్రం ఫిల్టరు దాటిన తరువాత పెద్ద దారిలో ఉంది కాబట్టి ప్రెషరును అక్కడే చదవాలి. శాండ్‌విచ్ బిళ్ళ వల్ల ఫిల్టరు 25 మిల్లీమీటర్లు ముందుకు వచ్చింది. సైలెన్సరు గొట్టానికీ దానికీ మధ్య ఒక వేలు సందు మిగిలింది. మధ్యలో రేకు అడ్డం పెట్టాను.

దిమ్మను ఫ్రేముకు బిగించి తాళం తిప్పితే ఎర్ర దీపం వెలగలేదు. ఇంజను ఆగి ఉన్నప్పుడు అది వెలిగి తీరాలి. ఆ స్విచ్చుకు ఒకటే వైరు; ఎర్తు దాని ఒంటి నుండే అందాలి. నేను ఫ్రేముకు దట్టంగా వేయించిన రంగు మీద ఇత్తడి దిమ్మ కూర్చుని ఉంది, ఎర్తు ఎక్కడి నుండి వస్తుంది? రంగు గీకి, దిమ్మకు విడిగా ఎర్తు వైరు కలిపాను. గమనించకపోయి ఉంటే జీవితంలో ఎప్పటికీ వెలగని దీపాన్ని చూసి నిశ్చింతగా నడిపేవాణ్ణి.

కూలెంటుకు పై హోసు కోసి మధ్యలో అల్యూమినియం ముక్క పెట్టాను. రెండు వైపులా రబ్బరే కనుక ఆ ముక్కకూ ఎర్తు ఉండదు; అందుకనే ముందే రెండు వైర్ల సెన్సరు తెప్పించాను. ఇంజను కంప్యూటరు వాడుకునే సొంత సెన్సరు జోలికి పోలేదు. ఒకే సెన్సరును ఇద్దరు చదవబోతే రెండు లెక్కలూ తప్పుతాయి.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఇంజను నిలకడగా తిరుగుతుండగా ఆయిలు ప్రెషరు 3.0 బార్లు. ఉన్నట్టుండి 3.5కి ఎగిరింది. ఒక నిమిషానికి మళ్ళీ 3.0. ఆయిలు వేడెక్కే కొద్దీ పలుచబడి ప్రెషరు తగ్గాలి గానీ పెరగకూడదు. మూడోసారి ఎగిరినప్పుడు గాని నా చెవికి తట్టలేదు, ఎగిరే ప్రతిసారీ రేడియేటరు ఫ్యాను తిరగడం మొదలుపెడుతోంది.

భీమవరం వైపు చెరువుల్లో ఏరేటర్ల వైరింగు చేసే మా బావమరిది ఆ రోజు ఇక్కడే ఉన్నాడు. "నల్ల వైరు ఎక్కడ కట్టావు బావా?" అని ఒక్క ప్రశ్న అడిగాడు. దగ్గరలో ఉందని ఫ్రేము బోల్టుకు కట్టాను; ఫ్యాను ఎర్తు కూడా ఆ బోల్టుకే ఉంది. ఆర్డునో ఎర్తు మాత్రం నేరుగా బ్యాటరీకి పోయింది. బోల్టు విప్పి చూస్తే వైరు కొసన ఉండే థింబుల్ మీద అప్పుడే పచ్చని పూత. ఈ ఉప్పు గాలికి రాగి రెండు నెలలు కూడా ఆగదు. ఆ అతుకు దగ్గర నిరోధం 0.04 ఓము ఉన్నా, ఫ్యాను లాగే 8 ఆంపియర్లకు 0.3 వోల్టు అక్కడ తేడా వస్తుంది. సెన్సరు కాళ్ళ కింది నేలే అంత పైకి లేచినట్టు. రీడింగు అర బారు ఎగిరిందంటే ఆశ్చర్యం లేదు.

మూడు సెన్సర్ల నల్ల వైర్లనూ బోల్టు నుండి విప్పి, నేరుగా ఆర్డునో దాకా తెచ్చి ఒకే చోట కలిపాను. వైర్లన్నీ తగరం పూసినవిగా మార్చాం. అతుకుల మీద లోపల జిగురుండే ష్రింక్ గొట్టం, ఆ పైన కాస్త వ్యాసిలిన్. చెరువు గట్ల మీది స్విచ్చు డబ్బాలను అతను ఇలాగే బతికిస్తాడట. ఫ్యాను తిరిగినా ఇప్పుడు అంకె కదలడం లేదు.

మార్చి 2, ఆదివారం

కూలెంటు 88 డిగ్రీల దాకా ఎక్కి, నా కళ్ళ ముందే 64కి జారింది. ఇంజను చల్లబడుతోందని సంతోషించేవాణ్ణేమో గానీ, సిలిండరు హెడ్డు మీద ఇన్‌ఫ్రారెడ్ తుపాకీ పెడితే 105 దాటింది. వెంటనే ఆపాను.

సెన్సరు అబద్ధం చెప్పలేదు. అది నీళ్ళలో లేదు. రేడియేటరు ముందు, ఇంజను వెనక, మధ్యలో నేలకు ఆనుకుని రెండు మీటర్ల గొట్టాలు. గాలి రెండు కొసల్లోని ఎత్తు చోట్లకు చేరుతుంది. ఆ ఎత్తు చోటనే, అదీ గొట్టం పైవైపున నేను సెన్సరు పెట్టాను. చుట్టూ గాలి చేరగానే అది గాలి వేడినే చదువుతుంది. కొబ్బరి దుంగల మీదికి కారు ముక్కు ఎక్కించి రేడియేటరు గాలి మర వదిలాను, తరువాత వెనక వైపు ఎత్తి ఇంజను దగ్గరిది వదిలాను. ఇలా మూడుసార్లు చేస్తే దాదాపు అర లీటరు కూలెంటు అదనంగా పట్టింది. అల్యూమినియం ముక్కను తిప్పి సెన్సరు పక్కవైపుకు వచ్చేలా బిగించాను. 1.1 బార్ల మూత ఉన్నప్పుడు నీరు 120 డిగ్రీలు దాటితే గాని మరగదు కనుక అప్పుడు గొట్టంలో ఉన్నది ఆవిరి కాదు, మిగిలిపోయిన గాలే అన్నది ఊరట.

మార్చి 9, ఆదివారం

సార్వా ధాన్యం పని ముగిసి, దాళ్వా ఇంకా కోతకు రాని ఈ రెండు నెలలు రైస్ మిల్లుల ఆరబోత గచ్చులు ఖాళీగా ఉంటాయి. మండపేట వైపు తెలిసినవారి మిల్లులో గచ్చు ఒక ఆదివారానికి అడిగాను. యజమాని గారు కారును చుట్టూ తిరిగి చూసి, గచ్చు మీద ఆయిలు మరక పడకూడదన్న ఒక్క షరతుతో ఒప్పుకున్నారు.

12 మీటర్ల తాడు పట్టుకుని సుద్దతో వలయం గీశాం. ఆ వలయం మీద చుట్టుకు 9 సెకన్లు పట్టేలా నడిపితే పక్కకు తోసే బలం భూమ్యాకర్షణలో ఆరు పదో వంతులు. వేగం గంటకు 30 కిలోమీటర్లే. చూసేవారికి పిల్లల ఆటలా ఉంటుంది. కానీ సంపులో ఆయిలు ఆ సమయంలో 31 డిగ్రీల వాలున నిలబడి ఉంటుంది.

తిన్నగా పోయేటప్పుడు 5,000 చుట్ల దగ్గర, ఆయిలు 92 డిగ్రీలు ఉండగా, 4.3 బార్లు. కుడివైపు వలయంలో పది చుట్లు తిరిగినా 4.2 కంటే దిగలేదు. ఎడమవైపు వలయంలో మొదటి రెండు సెకన్లు మామూలుగానే ఉంది. తరువాత నేను పెట్టుకున్న నారింజ దీపం, 3,000 చుట్లకు పైన ప్రెషరు 2 బార్ల లోపుకు పోతే వెలిగేది, భగ్గుమంది. రెండో చుట్టు పూర్తి కాకుండానే ఇంజను ఆపాను. కార్డు తీసి ఇంటి దగ్గర చూస్తే, ఆ కొద్ది సేపట్లో మూడుసార్లు పడిపోయింది. అతి తక్కువ 1.1 బార్, ఒక్కోసారి 0.4 సెకను పాటు.

కంపెనీ ఎర్ర దీపం ఆ మూడుసార్లలో ఒక్కసారి కూడా వెలగలేదు.

ఆయిలు పీల్చే మూతి సంపులో నడిమధ్యకు కాస్త ఎడమగా ఉంది. ఎడమకు తిరిగితే ఆయిలు కుడికి పోతుంది, మూతి తేలిపోతుంది. బైకులో ఇది లోపం కాదు. ఆ ఇంజను గీసినవారు దాన్ని ఒరగని బండిలో ఊహించలేదు, అంతే.

మార్చి 16, ఆదివారం

సంపు విప్పి, పీల్చే మూతి చుట్టూ 2 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకుతో నాలుగు గోడల గది కట్టాం. ఆయిలు లోపలికి రావాలి, మలుపులో బయటికి పోకూడదు. పోటు నీరు పొలంలోకి ఎక్కకుండా తూముకు తలుపు వేలాడదీస్తామే, అదే పద్ధతి తిరగేసి. తలుపులకు సైకిలు ట్యూబు ముక్కలు చాలునన్నారు మేస్త్రి గారు. నాకు నమ్మకం కలగక, ఒక ముక్కను ఆయిలు డబ్బాలో వేసి వేడినీళ్ళ గిన్నెలో ఉంచాం. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి అది అప్పడంలా ఉబ్బింది. ఆయనే దాన్ని తీసి చూసి, ఏమీ అనకుండా పలుచని ఉక్కు రేకుతో చిన్న బందులు చేయడం మొదలుపెట్టారు. నాలుగు తలుపులు, నాలుగు బందులు, ప్రతి సూదికీ రెండు కొసలూ సుత్తితో అణచి ఉన్నాయి. ఒకటి ఊడినా అది నేరుగా ఆయిలు పంపు వైపే పోతుంది.

కొత్త ఫిల్టరు, కొత్త ఆయిలు. మట్టం పై గీత కంటే 200 మిల్లీలీటర్లు ఎక్కువ పోశాను. ఇంకా పోయమని సలహా ఇచ్చేవారు ఉన్నారు గానీ, మట్టం మరీ పెరిగితే తిరిగే భాగాలు ఆయిలును చిలికి నురుగు చేస్తాయి. నురుగు ఆయిలు బేరింగుకు సగం గాలే.

మార్చి 23, ఆదివారం

మళ్ళీ అదే గచ్చు, అదే వలయం. ఎండ ముదిరింది, ఆయిలు 101 డిగ్రీల దాకా పోయింది, కూలెంటు 94. వేడి పెరిగినందున తిన్నగా పోయేటప్పుడే ప్రెషరు 4.0 బార్లు. ఎడమ వలయంలో చుట్టుకు 9 సెకన్లతో మొదలుపెట్టి, 8.5కి తెచ్చాను, అంటే భూమ్యాకర్షణలో మూడింట రెండు వంతులు. ఆరు చుట్లలో అతి తక్కువ 3.4 బార్లు. నారింజ దీపం వెలగలేదు. అది పనిచేస్తున్నదో లేదోనని బండి ఆపి, ఇంజనును 3,000 చుట్లకు పైన తిప్పుతూనే సెన్సరు వైరు పీకి చూశాను, వెలిగింది.

కార్డులో మరొక సంగతి కనబడింది. గట్టిగా బ్రేకు వేసిన రెండుసార్లూ ప్రెషరు 3.0 దాకా తగ్గి లేచింది. ముందు వైపు గోడ కొంచెం పొట్టిగా ఉన్నట్టుంది. ప్రమాదకరమైన అంకె కాదు కానీ, సంపు మళ్ళీ విప్పినప్పుడు ఆ గోడ 10 మిల్లీమీటర్లు పెంచాలి.

మార్చి 30, ఆదివారం, ఉగాది

పచ్చడి తిని షెడ్డుకు వచ్చాను. మొదటి పరీక్ష నాటి పాత ఫిల్టరును కోసి చూడడం మిగిలి ఉంది. హాక్సా వాడితే రంపపు పొడే లోపల పడి, ఇంజను నుండి వచ్చిన లోహం ఏదో, మనం వేసింది ఏదో తెలియకుండా పోతుంది. అందుకని నిన్ననే మేస్త్రి గారు దాన్ని లేత్‌కు పట్టించి అంచు మాత్రం చెక్కి మూత ఊడదీసి ఇచ్చారు. మడతల కాగితాన్ని బ్లేడుతో కోసి, వైసులో నొక్కి ఆయిలు పిండి, తెల్ల గుడ్డ మీద ఎండలో పరిచాను.

అయస్కాంతానికి అంటుకున్న నూగు కొద్దిగా ఉంది, అది గేర్లదై ఉంటుంది. అయస్కాంతానికి అంటని వెండి రంగు రేణువులు ఆరు. రాగి రంగువి ఏవీ లేవు. ఆ ఆరే నన్ను ఆపుతున్నాయి, ఎందుకంటే ఇప్పటి బేరింగు పెంకుల్లో పైపూత అల్యూమినియం, తగరం కలిపినది కావచ్చు; లేదా అవి శాండ్‌విచ్ బిళ్ళ త్రెడ్లలో మిగిలిన పొడే కావచ్చు. కంటితో చూసి తేల్చే పని కాదు. ఖాళీ హోమియో సీసాలో వేసి, మార్చి 9 అని చీటీ అంటించి అలమరలో పెట్టాను. ఇంజను పది గంటలు నడిచాక ఇప్పుడున్న ఫిల్టరు కోసి, దాని పక్కన పెట్టి చూడాలి.

సాయంత్రం మిల్లు యజమాని గారు ఫోను చేశారు. వచ్చే వారం నుండి దాళ్వా ధాన్యం గచ్చు మీదికి వస్తుందట. మేము గీసిన సుద్ద వలయాన్ని నీళ్ళు కొట్టి కడిగించమన్నారు.